తుల్యత ఫైలు ఎందుకు తిరిగివచ్చింది

తుల్యత అంటే పాత అనుభవాన్నో శిక్షణనో కొత్త అర్హతకు సమానంగా లెక్కించమని అడగడం. మీ ఫైలుకు రెజ్యుమే ఒక్కటే జతచేసి ఉంటారు. బదిలీపై వచ్చిన మీ ఇంజనీరుకు పదేళ్ల అనుభవం ఉందన్నారు. అమెరికా ఇంధన శాఖ అణు కేంద్రాల్లో అనుభవానికి రాతపూర్వక రుజువు చూపాల్సిందే. సిబ్బంది సాంకేతిక సామర్థ్యం పెంచాలని రక్షణ అణు కేంద్రాల భద్రతా బోర్డు 1993లో 93-3 సిఫార్సు చేసినప్పటి నుంచి ఈ పట్టు బిగిసింది. అది న్యాయమేనని నా నమ్మకం.

1. అర్హతకు మూడు అంచెలు: సాధారణ సాంకేతిక పునాది, ఆయన విభాగపు ప్రమాణం, కేంద్రానికి ప్రత్యేకమైనది. మొదటి రెండింటి రికార్డులు పాత కేంద్రం నుంచి తెప్పించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. ప్రమాణంలోని ఒక్కో సామర్థ్యానికి ఎదురుగా దాని రుజువు విడిగా రాయాలి. "అనుభవం ఉంది" అని గంపగుత్తగా రాస్తే చెల్లదు. క్రిటికాలిటీ భద్రత (అణు గొలుసు చర్య అనుకోకుండా మొదలవకుండా చూడటం) అయితే ఆయన ఏ విశ్లేషణను సమీక్షించారో, ఎప్పుడో, ఎక్కడో చూపండి. రుజువు దొరకని అంశానికి తుల్యత అడగవద్దు. రాత పరీక్షకో మౌఖిక పరీక్షకో పంపండి.

3. మూడో అంచెను కొత్తగా పూర్తిచేయించండి. మీ కేంద్రంలోని వెంటిలేషన్, అలారాలు ఆయన అక్కడ తిరిగి చూస్తేనే తెలుస్తాయి.

అర్హత పత్రంపై సంతకాలు పూర్తయ్యేవరకు అర్హత ఉన్నవారి పర్యవేక్షణలోనే ఆయనతో పనిచేయించండి.