సొంత మనుషులనే ఎందుకు చంపుకున్నారు?

ప్రశ్న: 1937-38లో సోవియట్ యూనియన్‌లో జరిగిన ప్రక్షాళనలకు స్టాలిన్ అనుమానపు స్వభావమే కారణమని చదివాను. ఒక్క మనిషి అనుమానం ఇన్ని లక్షల ప్రాణాలు తీయగలదా? పార్టీకే జీవితాన్ని ధారపోసినవారిని సైతం ఎందుకు చంపారు?

జవాబు: స్టాలిన్ బాధ్యతను ఏ విధంగానూ తగ్గించలేం. శిక్షలు ముందే నిర్ణయించిన వ్యక్తుల పేర్లతో 383 జాబితాలు ఆయన ఆమోదానికి వెళ్లాయని 1956లో కమ్యూనిస్టు పార్టీ 20వ మహాసభలో, స్టాలిన్ తర్వాత పార్టీ అధినేత అయిన క్రుశ్చేవ్ స్వయంగా చెప్పారు. అయినా మీ సందేహం సరైనదే. ఒకరి అనుమానం దేశమంతటికీ మరణశాసనం కావాలంటే, దాన్ని ఆపగల వ్యవస్థలన్నీ అంతకుముందే కూలిపోయి ఉండాలి.

ఆ పతనానికి పునాది 1921లోనే పడింది. ఇతర పార్టీలకు చోటు లేకుండా పోతున్న ఆ రోజుల్లో, పదో మహాసభ సొంత పార్టీలోనూ ముఠాలు కట్టడాన్ని నిషేధించింది. దానితో భిన్నాభిప్రాయం క్రమంగా కుట్రగా మారింది. ట్రాట్‌స్కీని అణచడానికి ఆయన సాటి అగ్రనేతలు జినోవియెవ్, కామెనెవ్‌లు వాడిన ఆ ఆయుధాన్నే తర్వాత వారి మీద మరో అగ్రనేత బుఖారిన్ వాడారు. మొదటి ఇద్దరినీ 1936 ఆగస్టులో, బుఖారిన్‌ను 1938 మార్చిలో కాల్చి చంపారు.

రెండో కారణాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. తన పంథా ఎన్నడూ తప్పదని ప్రకటించుకున్న ప్రభుత్వానికి ప్రతి వైఫల్యానికీ ఒక దోషి కావలసి వస్తాడు. బలవంతపు సమిష్టి వ్యవసాయం, ధాన్య సేకరణ కలిసి 1932-33లో లక్షలాది మందిని ఆకలికి బలిచేశాయి. 1937 జనాభా లెక్కల్లో ఆ లోటు అంకెలుగా బయటపడింది. అప్పుడు ప్రభుత్వం తన విధానాన్ని కాక లెక్కలను తప్పుపట్టింది, ఫలితాలను తొక్కిపెట్టింది, ఆ లెక్కలు తీసిన గణాంక అధికారులను అరెస్టు చేసింది. గనిలో ప్రమాదం జరిగినా, యంత్రం చెడినా ఇదే తంతు: లోపాన్ని వెతకడం మానేసి విద్రోహిని వెతికేవారు.

1934 డిసెంబర్ 1న లెనిన్‌గ్రాడ్‌లో అక్కడి పార్టీ అధిపతి కిరోవ్ హత్య జరిగింది. ఉగ్రవాద కేసుల దర్యాప్తు పది రోజుల్లో ముగియాలని, తీర్పుపై అప్పీలు ఉండకూడదని, మరణశిక్షను వెంటనే అమలు చేయాలని అదే రోజు ఉత్తర్వు వెలువడింది. హిట్లర్ జర్మనీ, జపాన్‌ల నుంచి యుద్ధ భయం పెరిగేకొద్దీ దేశం లోపలి శత్రువుల గురించిన భయమూ పెరిగింది. 1937 జూలై 30 నాటి రహస్య పోలీసుల 00447 నంబరు ఆదేశంతో హత్యలకు కోటాలు వచ్చాయి. కాల్చివేతకు దాదాపు 76 వేల మంది, శిబిరాలకు దాదాపు 1,93,000 మంది అని ప్రాంతాలవారీగా ముందే నిర్ణయించి పంపారు. పేర్లు తర్వాత నింపుకున్నారు. వెనుకబడితే తామే అనుమానితులమవుతామన్న భయంతో స్థానిక అధికారులు ఆ సంఖ్యలను ఇంకా పెంచమని కోరారు. చిత్రహింసలకు పార్టీ కేంద్ర కమిటీయే అనుమతి ఇవ్వడంతో ప్రతి ఒప్పుకోలు నుంచీ మరికొన్ని పేర్లు పుట్టుకొచ్చాయి. ఆ రెండేళ్లలో కాల్చి చంపిన వారు 6,81,692 మంది అని పోలీసు రికార్డులే చెబుతున్నాయి. వారిలో అత్యధికులు సామాన్యులు, పార్టీతో ఏ సంబంధమూ లేనివారు. ఆ మాట మనం తరచూ మరచిపోవడం నన్ను బాధిస్తుంది.

ఇక విధేయుల సంగతి. 1934లో స్టాలిన్‌ను వేనోళ్ల కీర్తించిన 17వ మహాసభకు హాజరైన 1,966 మంది ప్రతినిధుల్లో 1,108 మందిని తర్వాత అరెస్టు చేశారు. అక్కడ ఎన్నికైన కేంద్ర కమిటీ సభ్యులు, అభ్యర్థి సభ్యులు 139 మందిలో 98 మందిని అరెస్టు చేసి కాల్చి చంపారు. విప్లవకాలం నుంచి సొంత పలుకుబడి ఉన్నవారు ఎంత విధేయంగా ఉన్నా, నాయకుడికి ప్రత్యామ్నాయం కాగలరు. వారి స్థానాల్లోకి వచ్చిన యువకులు మాత్రం తమ పదవికి పూర్తిగా ఆయనకే రుణపడి ఉంటారు.

ఇదంతా అదుపు తప్పిన ఉన్మాదం కాదనడానికి దాని ముగింపే సాక్ష్యం. 1938 నవంబర్ 17న పైనుంచి ఒక తీర్మానం రాగానే మరణశిక్షలు విధించే ముగ్గురు సభ్యుల ట్రాయికాలు రద్దయ్యాయి, సామూహిక అరెస్టులు నిలిచిపోయాయి. వాటిని నడిపిన రహస్య పోలీసుల అధిపతి యెజోవ్ కొద్ది రోజుల్లోనే పదవి కోల్పోయాడు. 1940 ఫిబ్రవరిలో అతన్నీ కాల్చి చంపారు.