ఇంటిపని గంటల లెక్క ఎలా చదవాలి

చి. మాధవికి,

ఆశీస్సులు.

ఆడవాళ్ల ఇంటిపని మీద పత్రికకు వ్యాసం రాస్తున్నావని తెలిసి సంతోషం కలిగింది. దానికి 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే మంచి ఆధారం. అయితే అంకెల జోలికి పోకముందు ప్రశ్నావళి చదువమ్మా. ముందు రోజు తెల్లవారుజాము నాలుగింటి నుంచి 24 గంటల్లో ఏమేం చేశారో అరగంటకొక గడి చొప్పున అడిగి రాసుకున్నారు. అంటే మనిషికి 48 గడులు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా పిల్లాడి చేత అక్షరాలు దిద్దించే తల్లికి ఒకే గడిలో రెండు పనులు పడతాయి. కొన్ని పట్టికల్లో వాటిలో ప్రధానమైన పనికే లెక్క. అందుకే పట్టిక తలకట్టు, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వివరణ రెండూ చూడు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఇంటిపని చేస్తారని రాసి, తేడా మూడు రెట్లు అంటారు. ఆ సగటు ఆ రోజు ఇంటిపని చేసినవాళ్లది మాత్రమే. ఆరేళ్లు నిండిన ఆడవాళ్లలో 81.2 శాతం మంది చేశారు, మగవాళ్లలో 26.1 శాతం మందే చేశారు. 299ని 0.812తో, 97ను 0.261తో గుణించు. అందరినీ కలుపుకుంటే ఆడవాళ్లకు సుమారు 243 నిమిషాలు, మగవాళ్లకు 25. తేడా తొమ్మిదిన్నర రెట్లు దాటింది! మూడు రెట్లన్నవాళ్లు, పని ముట్టని ముప్పావు వంతు మగవాళ్లను లెక్కలోంచి తీసేశారన్నమాట.

పిల్లల్ని, ముసలివాళ్లని చూసుకునే పని ఇందులో లేదు, అది వేరే వరుస. ఆడవాళ్లకు అక్కడ 134 నిమిషాలు కనిపిస్తాయి. వాటిని 299కి కలిపెయ్యకు. వంట చేసినవాళ్లు, పిల్లల్ని చూసినవాళ్లు అచ్చంగా ఒకే మనుషులు కారు, రెండు సగటుల హారాలు, అంటే ఎంతమందితో భాగించారో ఆ సంఖ్యలు, వేరు. జిల్లా అంకె కోసం కూడా వెతకొద్దు. దేశమంతటికీ కలిపి సుమారు 1,38,000 ఇళ్లే అడిగారు, ఒక్కో జిల్లా వాటా సగటు తియ్యడానికి చాలదు.

వ్యాసంలో స్త్రీ పురుష నిష్పత్తి ప్రస్తావిస్తే మరీ జాగ్రత్త. 2011 జనగణనలో వెయ్యిమంది మగవాళ్లకు 943 మంది స్త్రీలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1020. ఆడపిల్లలు పెరిగారని సంబరపడకు. ఆ సర్వే ముందు రాత్రి ఇళ్లలో పడుకున్నవాళ్లను లెక్కిస్తుంది. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు, సైనికుల బారకాసుల్లో ఉన్నవాళ్లు అందులోకి రారు. అదే సర్వే చెప్పిన పుట్టుక నిష్పత్తి చూడు: అంతకు ముందు ఐదేళ్లలో పుట్టినవాళ్లలో వెయ్యిమంది మగపిల్లలకు 929 మంది ఆడపిల్లలే. నువ్వు రాయాల్సిన అంకె అది.

వయసుల పట్టికలు వాడితే ఒక్కో ఏడాదిని విడిగా చూడకు. 29, 31 ఏళ్లవాళ్ల కన్నా 30 ఏళ్లవాళ్లు ఎంతో ఎక్కువ కనిపిస్తారు. పుట్టినరోజు కాగితం లేనివాళ్లు ముప్పై, నలభై అని చెప్పేస్తారు కదా! ఐదేళ్ల గుంపులుగా తీసుకో.

చిత్తుప్రతి పంపేటప్పుడు ప్రతి అంకె పక్కన పట్టిక నంబరు, పేజీ కూడా రాయి. నేను సరిచూస్తాను.

ఇట్లు,
నీ మామయ్య