కిటికీకి అప్పడాల కర్ర అడ్డం పెట్టకండి

సంక్రాంతికి బరంపురం వచ్చిన మూడో రోజు పొద్దున్నే పక్కింటి వదిన ఫోను పట్టుకుని వచ్చింది. వాళ్లబ్బాయి ఆగస్టులో అమెరికాలో ఎమ్మెస్‌కని మసాచుసెట్స్‌లోని వుస్టర్ వెళ్లాడు. వీడియోలో చూస్తే ఇంట్లోనే కోటు వేసుకుని కూర్చున్నాడు.

"ఏటయిందిరా?" అన్నాను.

"కిటికీ నిలబడట్లేదు బాబాయ్. పోపు వేస్తే పొగ అలారం మోగిపోతోందని పైకి లేపుతాం. చెయ్యి వదిలితే ధన్‌మని పడిపోతోంది. అందుకే కర్ర పెట్టాం."

కెమెరా తిప్పాడు. పెద్దబజారులో కొని, వాళ్లమ్మ చీరలో చుట్టి సూట్‌కేసులో పెట్టి పంపిన అప్పడాల కర్ర. వదిన మొహం చూడాలి.

నవ్వాను గానీ, పాతికేళ్ల కిందట న్యూజెర్సీలో నేను పెట్టిందీ అలాంటి కర్రే. ఒక రాత్రి అది జారి నా బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. ఏటా మన గంజాం నుంచి, పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి పిల్లలు వెళ్తూనే ఉంటారు కాబట్టి వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మన ఊళ్లో కిటికీ అంటే రెండు రెక్కలు, నాలుగు కీళ్లు, ఊచలు. అక్కడి పాత ఇళ్లలో రెక్కలు పక్కకు తెరుచుకోవు, పైకీ కిందికీ జారతాయి. చట్రంతో కలిపి ఆ రెక్కనే సాష్ అంటారు. అద్దం, చెక్క కలిసిన ఆ బరువును పైన ఆపడానికి లోపల ఒక పనివాడు ఉంటాడు. వాడి పేరు బ్యాలెన్స్. అర్థం కావాలంటే గిరి రోడ్డులో దుకాణం షట్టర్ తల్చుకోండి. అంత ఇనుప రేకును ఒక్క మనిషి ఒంటి చేత్తో ఎత్తేస్తాడు, ఎందుకంటే పైన చుట్టలో స్ప్రింగు సగం పని చేస్తోంది. అది విరిగిన రోజున ఇద్దరు పట్టినా కదలదు. వుస్టర్ కిటికీకీ వచ్చిన జబ్బు ఇదే. చెక్క బాగానే ఉంది, అద్దం బాగానే ఉంది, మోసే స్ప్రింగు పోయింది. కాబట్టి ఎవరైనా కిటికీ మొత్తం మార్చాలంటే వెంటనే తలూపకండి. కొత్త కిటికీకి వందల డాలర్లవుతాయి.

వాడు కోటు ఎందుకు వేసుకున్నాడో కూడా అప్పుడే తెలిసింది. పై రెక్క అంగుళం కిందికి దిగి ఉంది. ఆ సందులోంచి మంచుగాలి కొడుతోంది. మధ్యలో గొళ్లెం పడట్లేదంటే చాలామంది గొళ్లేన్ని తిడతారు. చాలాసార్లు తప్పు దానిది కాదు, పై రెక్క బ్యాలెన్స్ చచ్చిపోయి ఉంటుంది.

ముందు మీ కిటికీలో ఏ రకం ఉందో చూసుకోండి. పైన చట్రంలో చిన్న గిలక, దాని మీంచి తాడు కనిపిస్తే అది పాత పద్ధతి. గోడలో ఇనుప గుండు వేలాడుతుంటుంది, మన నూతి గిలకకు అన్నదమ్ము. అక్కడ తెగేది తాడే, కొత్త తాడు కడితే సరి. తాడు బదులు సన్నటి ఉక్కు పట్టీ ఉంటే గిలక పెట్టెలోనే చుట్ట స్ప్రింగు ఉందన్నమాట. పట్టీ కొక్కెం విప్పినప్పుడు చేతిలోంచి వదిలితే కొలత టేపులా లోపలికి కొట్టుకుపోతుంది, జాగ్రత్త. రేకు కాలువ లాంటి దాంట్లో దారం, బుల్లి గిలకలు ఉంటే మూడో రకం. దాని మీద అచ్చు కొట్టిన అంకెలుంటాయి. ఫొటో తీసి, అవే అంకెలున్నది తెప్పించండి.

మా వాడి కిటికీలో ఉన్నది నాలుగోది, స్పైరల్. పక్క చట్రం వెంట సన్నటి గొట్టం, అందులోంచి మెలితిరిగిన జంతికలాంటి ఊచ. గొట్టం పైకొస చట్రానికి ఒక్క స్క్రూతో ఉంటుంది, ఊచ కిందికొస రెక్క అడుగున తగులుకుని ఉంటుంది. రెక్క దిగేకొద్దీ ఊచ మెలిక తిరిగి లోపల స్ప్రింగు బిగుస్తుంది, ఎత్తేటప్పుడు ఆ బిగువే సాయం పడుతుంది.

దీనితో ప్రమాదమంతా ఆ ఒక్క స్క్రూ దగ్గరే. స్ప్రింగు బిగిసి ఉండగా స్క్రూ ఊడదీస్తే గొట్టం బొంగరంలా తిరిగి వేళ్లు చీరేస్తుంది. రెక్కను పైకెత్తి కింద గట్టి చెక్కముక్క ఆనించండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఒక చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో స్క్రూ తీసి, మెల్లగా తిరగనిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. కొత్తది బిగించేటప్పుడు ఆ లెక్కే మీకు దారి. పాతది అప్పటికే విరిగి ఊరికే వేలాడుతుంటే లెక్క దొరకదు. అప్పుడు రెండు మూడు చుట్లతో మొదలుపెట్టి, రెక్క ఎక్కడ ఆపితే అక్కడ నిలబడేదాకా రెండు వైపులా సమానంగా ఒక్కో చుట్టు పెంచండి. ఎక్కువైతే రెక్క దానంతటదే పైకి పాకుతుంది. మా ఇంట్లో ఒక కిటికీ అలా అర్ధరాత్రి తెరుచుకుంటే మా ఆవిడ దెయ్యమనుకుంది.

రెండు వైపులా కలిపే మార్చాలి. నేను మొదటిసారి పిసినారితనంతో విరిగిన వైపు ఒక్కటే, అదీ అంచనాతో కొన్నాను. కొత్తది లాగింది, పాతది లాగలేదు, రెక్క ఐమూలగా వంగి గాడిలో బిగుసుకుపోయింది. ఒక పగలంతా పోయింది. బలం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. లోపలి వైపు బద్ద తీస్తే రెక్క బయటికొస్తుంది. దాన్ని ఎత్తుకుని బరువు మెషిన్ ఎక్కండి, మీ బరువు తీసేయండి, మిగిలినదాంట్లో సగం ఒక్కో బ్యాలెన్స్ మోయాలి. పై రెక్క, కింది రెక్క ఒకే బరువు ఉండాలని లేదు, విడివిడిగా తూచండి. గొట్టం పొడవు కూడా అంగుళాల్లో రాసుకోండి. పెద్ద స్టోర్లలో పాత సైజులు దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గాడిలో మాత్రం కొబ్బరినూనె, వంటనూనె పూయకండి. దుమ్ము పట్టి బంక అవుతుంది. సిలికాన్ స్ప్రే చాలు.

ఇంత చెప్పాక వాడు స్క్రూడ్రైవర్ కోసం లేచాడు. "కూర్చోరా" అన్నాను.

అద్దె ఇల్లు అది. చెయ్యి పెట్టాల్సింది నువ్వు కాదు, ఓనర్. ఫోనులో చెప్పి వదిలేయకుండా ఫొటోతో సహా ఈమెయిల్ పెట్టు. రేపు డిపాజిట్ దగ్గర పేచీ వస్తే ఆ ఈమెయిలే సాక్ష్యం. నిప్పంటుకున్నప్పుడు బయటపడే దారి కూడా కిటికీయే కనుక, అది సరిగ్గా తెరుచుకోవట్లేదని స్పష్టంగా రాయి. మనవాళ్లకు ఓనర్‌ను అడగాలంటే మొహమాటం, ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనని టెన్షన్. అడగడం తప్పేమీ కాదు, నెలనెలా అద్దె కడుతున్నావు.

అంతకన్నా పెద్ద కారణం రంగు. వుస్టర్ నిండా ఉన్న ఆ మూడంతస్తుల చెక్క ఇళ్లు చాలావరకు నూరేళ్ల నాటివి. అమెరికాలో ఇళ్లకు సీసం కలిపిన రంగు 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంట్లో కిటికీ గాడిలో ఆ రంగు ఉండే అవకాశం ఎక్కువ. రెక్క జారినప్పుడల్లా రాసుకుని పొడిగా రాలుతుంది. గీకినా, గరుకు కాగితంతో రుద్దినా ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కిటికీ గట్టు మీది పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. మసాచుసెట్స్‌లోనైతే 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్లలోపు బిడ్డ ఉంటే సీసం ప్రమాదాన్ని తొలగించాల్సిన బాధ్యత చట్టప్రకారం ఓనర్‌దే. ఇది తెలియక సొంతంగా రంగు గీకిన మనవాళ్లను చూశాను.

వారం తర్వాత మళ్లీ ఫోను. ఓనర్ మనిషిని పంపాడట, గంటలో నాలుగు గొట్టాలూ మార్చి వెళ్లాడట. వదిన మాత్రం ముందు కర్ర చూపించమంది. కడిగి వంటగదిలో పెట్టాడు.

"బాబాయ్, ఆ పై రెక్క కూడా కిందికి దిగుతుందట! ఇన్నాళ్లూ అది కదలదనే అనుకున్నాం" అన్నాడు.

"దింపు. పొయ్యి వెలిగించినప్పుడు పైన నాలుగంగుళాలు, కింద నాలుగంగుళాలు తెరువు. వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. ఇప్పుడు పోపు వేసి చూడు, అలారం మోగుతుందో లేదో."

ఆవాలు చిటపటలాడడం ఇక్కడికి వినిపించింది.