సీటు సరే, గైడ్ ఎవరు?

ప్రశ్న: మా అమ్మాయి హెచ్‌సీయూలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది. అమెరికాలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. అక్కడ మన ఆడపిల్లల్ని చిన్నచూపు చూస్తారని, యాసను వెక్కిరిస్తారని మా చెల్లెలి కూతురు అంటోంది. పంపమంటారా? – ఒక తల్లి, కూకట్‌పల్లి

అమ్మా, మీ చెల్లెలి కూతురు అబద్ధం చెప్పట్లేదు. కన్సల్టెన్సీల వాళ్లు ర్యాంకింగులు చూపిస్తారు, ఖర్చులు చెప్తారు, ఈ సంగతి మాత్రం ఎత్తరు, మనమూ అడగం, చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా వస్తే చాలనుకుంటాం.

యాస గురించి టెన్షన్ పడకండి. 1992లో డొనాల్డ్ రూబిన్ అనే ఆయన, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నామె గొంతుతో పాఠం రికార్డు చేసి అమెరికా కాలేజీ పిల్లలకు వినిపించారు. కొందరి ముందు తెల్లామె ఫోటో పెట్టారు, కొందరి ముందు ఆసియా ఆమె ఫోటో. అదే గొంతు, అదే పాఠం. అయినా ఆసియా ముఖం చూసినవాళ్లకు యాస వినిపించింది, పాఠం కూడా తక్కువే బుర్రకెక్కింది! యాస క్లాసులకు డబ్బు కట్టి ఏం లాభం చెప్పండి?

2015లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 259 యూనివర్సిటీల్లో 6,500 మందికి పైగా ప్రొఫెసర్లకు, పీహెచ్‌డీ గురించి మాట్లాడాలని ఒకే ఈమెయిల్ పంపారు, పేర్లు మాత్రం మార్చి. తెల్ల మగపేర్లకే జవాబులు ఎక్కువ. అంచేత మీ అమ్మాయి మెయిళ్లకు జవాబు రాకపోతే ప్రొఫైల్ బాగోలేదని ఏడవక్కర్లేదు. అలాగని ఇక్కడే ఉంటే నయమా అంటే, 1933లో, తర్వాత పేరున్న శాస్త్రవేత్త అయిన కమలా సోహొనీని బెంగళూరు ఐఐఎస్సీలో మొదట వద్దన్నది సాక్షాత్తూ సి.వి.రామన్, ఆడపిల్ల అని.

పంపండి. కాకపోతే యూనివర్సిటీ పేరు కన్నా గైడ్‌ను, అంటే పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్‌ను చూసుకోమనండి. నా సలహాతో వెళ్లిన ఒకమ్మాయి చెప్పింది, ల్యాబ్ మీటింగ్‌లో నోట్స్ రాసే పని ఎప్పుడూ తనకేనట. ఒకరోజు విసుగొచ్చి పెన్ను తేలేదంటే, ప్రొఫెసర్ జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడట. ఏడాది ఓర్చుకుని గైడ్‌ను మార్చుకుంది, ఇప్పుడు బాగుంది. వీసా పోతుందని చాలామంది పిల్లలు నోరు మూసుకుని భరిస్తారు గానీ, ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా గైడ్‌తో ముడిపడి ఉండదు, అదే డిపార్ట్‌మెంట్‌లో మారొచ్చు, వేరే యూనివర్సిటీలో అడ్మిషన్ దొరికితే ట్రాన్స్‌ఫరూ అవుతుంది. చిక్కల్లా స్టైపెండ్‌తోనే, చాలాచోట్ల అది గైడ్ ప్రాజెక్టు డబ్బుల్లోంచే వస్తుంది. మారితే స్టైపెండ్ ఎవరిస్తారో ఆఫర్‌కు సరే అనకముందే మెయిల్‌లో అడిగి రాయించుకోవాలి.

ఆ ల్యాబ్‌లో చదివి బయటికొచ్చిన ఇద్దరు అమ్మాయిలతో ఫోన్లో మాట్లాడమనండి, ఎన్నేళ్లు పట్టింది, రీసెర్చ్ పేపర్ మీద మొదటి పేరు ఎవరిది పడింది, మీటింగ్‌లో నోట్స్ ఎవరు రాస్తారు. ఆ ఫోన్ మాట్లాడేటప్పుడు మీరు పక్కన కూర్చోకండి.