బ్యాగులు కుట్టడం నేర్చుకోవాలంటే ముందు ఒక పాత బ్యాగు విప్పండి

"ఆఫీసు టెన్షన్ తట్టుకోలేక ఇంట్లో హ్యాండ్‌బ్యాగులు, పర్సులు కుట్టడం నేర్చుకుందామనుకుంటున్నాను. టైలరింగ్ అసలు రాదు. నిజంగా మనసు తేలికపడుతుందా? ఏ మిషన్ కొనాలి?" అని అడిగారు.

తేలికపడుతుంది. అనుమానమే లేదు. ఇన్ని డబ్బులు పోసి చేరే ధ్యానం క్లాసులన్నీ ఒకవైపు, ఒక జిప్పు వంకర పోకుండా కుట్టడం ఒకవైపు. సూది కింద గుడ్డ నడుస్తుంటే మేనేజర్ ఏమన్నాడో గుర్తు తెచ్చుకోవడం కుదరదు. తెచ్చుకున్నారా, కుట్టు పక్కకి పోతుంది. రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి కాబట్టి ఫోన్ కూడా పట్టుకోలేరు.

కానీ టైలరింగ్ సెంటర్లో మాత్రం చేరకండి. వాళ్ళు జాకెట్టుతో మొదలుపెడతారు. చంక దగ్గర అర అంగుళం తేడా వస్తే తొడుక్కున్న మనిషి ఊరుకోదు. సంచికి చంకలుండవు, అర అంగుళం పెద్దదైతే ఇంకో టిఫిన్ డబ్బా పడుతుంది. అసలు జాకెట్లు కుట్టేవాళ్ళకి బ్యాగు పని రాదని నా గట్టి నమ్మకం. మా వీధి టైలర్‌కి తాంబూలం సంచి ఇస్తేనే విసుక్కుంటాడు.

నాకు ఈ పని పరిచయం చేసింది టైలర్ కాదు, హన్మకొండ చౌరస్తా దగ్గర గొడుగు కింద కూర్చుని స్కూలు బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసే ఒక చాచా. మా పెళ్ళిరోజుకి మావారు పెద్ద షోరూమ్‌లో కొనిచ్చిన హ్యాండ్‌బ్యాగు పట్టీ వానాకాలం దాటకుండానే ఊడింది. బిల్లు పట్టుకుని వెళితే "పట్టీకి వారంటీ ఉండదు మేడమ్" అన్నారు. పట్టీకి లేని వారంటీ మరి బ్యాగులో దేనికుంటుందో అడిగితే ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఆ కోపంలోనే తీసుకెళ్ళి చాచా ముందు పెట్టాను.

ఆయన బ్యాగుని అటూ ఇటూ తిప్పి, "ఇది తోలు గాదు బిడ్డా, రెగ్జిన్. లోపల గూడ చూస్తవా?" అన్నాడు. నేను ఊ అనేలోపే బ్లేడుతో లైనింగ్ అతుకు విప్పేశాడు. పట్టీ కొసని అతుకులోకి గోరంత దూర్చి, మీదనుంచి ఒకే వరస కుట్టు వేసి వదిలేశారు. బ్యాగు అడుగున గట్టిగా తగులుతుంటే ఏదో మంచి సరుకే వేశారనుకున్నాను. అట్ట! అది కూడా తడిసి అప్పడంలా మెత్తబడి ఉంది. "చూసినవా, పైన మెరుపు, లోపల అట్ట" అని దాన్ని తీసి పక్కన పడేశాడు.

తర్వాత ఆయన చేసింది ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. పట్టీ కొసని బాగా లోపలికి మడిచాడు. వెనక దన్నుగా ఇంకో రెగ్జిన్ ముక్క పెట్టాడు. నాలుగు వైపులా చదరంగా కుట్టి, ఆ చదరంలో మూల నుంచి మూలకి ఇంటూ గుర్తు వచ్చేలా మళ్ళీ కుట్టాడు. మిషన్ సూది దిగని చోట ఆర తీసుకుని చిల్లు పొడిచి, మైనం రాసిన దారంతో చేత్తో లాగాడు. జిప్పు మీద జారే రన్నర్ కూడా వదులైందని చూపిస్తే, జిప్పు కొసని కాలి వేళ్ళ మధ్య బిగించి పట్టి కొత్త రన్నర్ ఎక్కించేశాడు. పక్కన ఆటోల హారన్లు, చెరుకురసం బండి గంటలు. నేను స్టూల్ మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినా గుర్తుకొచ్చేది కాదేమో.

"నాకూ నేర్పిస్తవా చాచా?" అంటే, "నేర్పుడేంది బిడ్డా, ఇంట్ల పాత సంచి ఉంటె విప్పి చూడు, అదే నేర్పుతది" అన్నాడు.

మీకూ అదే చెబుతున్నాను. పిల్లల పాత స్కూలు బ్యాగు తీసుకోండి. కుట్లు విప్పే చిన్న రిప్పర్ ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది. ఏ ముక్క ఎప్పుడు ఊడివచ్చిందో దాని మీద చాక్‌తో అంకె వేస్తూ పోండి. చివర కుట్టింది ముందు ఊడుతుంది కాబట్టి, ఆ అంకెల్ని వెనక నుంచి చదివితే కుట్టాల్సిన వరస వచ్చేస్తుంది. ముక్కల్ని పాత పేపరు మీద పరిచి గీసుకుంటే కటింగ్ కూడా మీ చేతిలో ఉన్నట్టే. యూట్యూబ్‌లో "పది నిమిషాల్లో పర్సు" అనేవాళ్ళు ముక్కలు ముందే కత్తిరించి, ఇస్త్రీ చేసి పెట్టుకుంటారు. అసలు పనంతా అక్కడే ఉంది, దాన్ని చూపించరు.

మొదట చిన్న జిప్పు పర్సు కుట్టండి. పెడన కలంకారీ గుడ్డ, లోపల గట్టితనానికి బక్రం, లైనింగ్‌కి పాత కాటన్ చీర. జిప్పు మీటరు లెక్కన తెచ్చుకుంటే చవక. పక్కలు కుట్టే ముందు జిప్పు సగం తెరిచి ఉంచాలి, లేకపోతే తిరగేయడానికి దారి ఉండదు. ఇంత తెలిస్తే చాలు.

చెయ్యి తిరిగాక వరంగల్ కొత్తవాడ జంపఖానా ముక్కలతో సంచి కుట్టి చూడండి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత అది, మా ఊరిదని చెప్పుకోవడం కాదు గానీ ఏళ్ళ తరబడి చిరగదు. కత్తిరించిన అంచు నుంచి పోగులు రాలుతుంటాయి, పైపింగ్ గుడ్డతో అంచు మూసేయాలి. అతుకు దగ్గర మడతలు పడితే గుడ్డ చాలా మందమవుతుంది. అక్కడ కాలు ఆపి చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ వెళ్ళాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. బట్టల షాపుల్లో "గుడ్డ సంచి" అని డబ్బులు తీసుకుని ఇచ్చేది గుడ్డే కాదు. ఆ నాన్ వోవెన్, అంటే నేయకుండా పోగులు అతికించి చేసిన సంచులు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేసినవే, అంటే ప్లాస్టిక్కే. వేడి ఇస్త్రీపెట్టె పెడితే కరిగి అంటుకుంటుంది. 2021 సెప్టెంబరు 30 నుంచి అవి 60 జీఎస్‌ఎంకి, అంటే చదరపు మీటరుకి 60 గ్రాములకి తగ్గకూడదని నిబంధన పెట్టింది కూడా ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల్లోనే. మనం మాత్రం పర్యావరణాన్ని కాపాడేశామన్నంత సంతోషంగా ఇంటికొస్తాం.

మీకు అసలు ముప్పు ఇంకోటుంది. ఒక సంచి బాగా కుదిరి, దాన్ని తగిలించుకుని ఏ ఫంక్షన్‌కైనా వెళ్ళారనుకోండి. "ఎంతకి అమ్ముతున్నావమ్మా?" అని ఒకరు, "మా పాప ఓణీల ఫంక్షన్‌కి రిటర్న్ గిఫ్ట్‌లకి కుట్టిపెట్టు వదినా, గుడ్డ డబ్బులిస్తాలే" అని ఒకరు. ఒప్పుకున్నారా, ఇక అయిపోయింది. ఆఫీసులో ఉన్న డెడ్‌లైన్ ఇంటికొస్తుంది. మా ఆడపడుచు ఇప్పటికీ నా మీద అలిగే ఉంది, అలగనివ్వండి. బతుకు కోసం కుట్టేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి బేరమాడకుండా డబ్బివ్వాలి. మనశ్శాంతి కోసం కుట్టేవాళ్ళు మాత్రం ధర చెప్పనే కూడదు. ఇష్టమైనవాళ్ళకి ఊరికే ఇచ్చేయండి, అడిగినవాళ్ళకి చాచా అడ్రస్ చెప్పండి.

మిషన్ సంగతి అడిగారు కదా. మొదటే కంప్యూటర్ మిషన్లు, ఎంబ్రాయిడరీ మిషన్లు వద్దు. అమ్మ దగ్గరో అత్తగారి దగ్గరో మూలన పడి ఉన్న నల్లటి కాలు మిషన్‌కి నూనె వేయించి, బెల్టు మార్పించండి. ఉషా అయినా సింగర్ అయినా ఒకటే. మోటారు పెట్టించుకోమని మెకానిక్ పట్టుబడతాడు, వినకండి. మందపు గుడ్డని నెమ్మదిగా దాటించాలంటే కాలి తొక్కుడే మన మాట వింటుంది. కింద దారం ఉండలు కడితే కింద దారం చుట్టే బాబిన్‌ని తిట్టకుండా, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి పైదారం మళ్ళీ మొదటినుంచి ఎక్కించండి. చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. మామూలు కాటన్‌కి 14 నంబరు సూది, జీన్స్‌కి 16, జంపఖానాకి 18.

జీన్స్ కొనక్కర్లేదు. మీరు బ్యాగులు కుడతారన్న మాట బయటికి పొక్కగానే చుట్టపక్కాలంతా చిరిగిన ప్యాంట్లు మూటలు కట్టి పంపిస్తారు, పారేయడానికి మొహమాటపడి. మా మంచం కింద అవే. హన్మకొండ వైపు వస్తే ఒక మూట తీసుకెళ్ళి పుణ్యం కట్టుకోండి.