కాంటన్ వర్తకుడి జీవితం రాయబోతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చైనాలోని కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) రేవుకు వెళ్లి వ్యాపారం చేసిన అమెరికన్ శామ్యూల్ షా జీవితాన్ని తెలుగులో రాయాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఆయన పుట్టింది బోస్టన్‌లో, నువ్వు ఉంటున్నదీ అక్కడే. ఇలాంటి రాతపనిలోనే తల నెరిసింది నాకు. అందుకే అడగకపోయినా కొన్ని మాటలు చెబుతున్నాను.

మనిషితో మొదలుపెట్టకు, ఓడలో నింపిన సరుకుతో మొదలుపెట్టు. 1784 ఫిబ్రవరి 22న న్యూయార్క్ రేవు నుంచి కాంటన్‌కు బయల్దేరిన 'ఎంప్రెస్ ఆఫ్ చైనా' ఓడలో ఏముందో చూడు. చైనావాళ్లు మందుగా వాడే జిన్సెంగ్ వేర్లు దాదాపు 30 టన్నులు, కొంత సీసం, ఉన్ని బట్ట, జంతు చర్మాలు, పెట్టెల్లో స్పానిష్ వెండి డాలర్లు. అమెరికాకు స్వాతంత్ర్యం అప్పుడే వచ్చింది. అంతకుముందు స్వేచ్ఛగా తిరిగిన వెస్టిండీస్ రేవుల్లోకి బ్రిటిష్‌వాళ్లు అమెరికా ఓడల్ని రానివ్వడం లేదు. టీ తాగే అలవాటు మాత్రం జనాన్ని వదల్లేదు. టీ కొనాలంటే చైనావాళ్లు కోరేది ఏదో ఒకటి చేతిలో ఉండాలి. వెండి సరిపడా లేదు. అడవుల్లో తవ్వి తీసిన ఆ వేరు కాస్త అక్కరకొచ్చింది. ఈ ఇబ్బంది పాఠకుడికి బాగా పట్టించు. అప్పుడు, సముద్రపు నీటికుక్కల చర్మాల కోసం అమెరికా వాయవ్య తీరానికి ఎందుకు పరుగెత్తారో, దీవులకు దీవుల్లో సీల్ జంతువుల్ని ఎందుకు తుడిచిపెట్టారో, హవాయి కొండల మీద చందనం ఎందుకు నరికించారో, చివరికి నల్లమందులో ఎందుకు చెయ్యి పెట్టారో మళ్లీ విడిగా వివరించక్కర్లేదు.

ఆ ఓడలో షా సూపర్‌కార్గో. అంటే సరుకు అమ్మకాలు, కొనుగోళ్లు, లెక్కలు అన్నీ ఆయన పూచీ. అంతకుముందు యుద్ధంలో ఫిరంగి దళం అధికారి, జనరల్ హెన్రీ నాక్స్‌కు సహాయకుడు. 1785 మేలో ఓడ తిరిగొచ్చేసరికి సుమారు 1,20,000 డాలర్ల పెట్టుబడి మీద 30,000 దాకా లాభం మిగిలింది. పుస్తకాల్లో ఈ లాభం గురించే ఎక్కువ రాస్తారు. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటెయ్.

ఇంకొకటి, గోడకు ఒక క్యాలెండర్ తగిలించుకుని కాలం లెక్క రాసుకో. ఓడలు నైరుతి గాలులతో వచ్చి ఈశాన్య గాలులతో తిరిగి వెళ్లేవి. కోస్తావాళ్లం కాబట్టి ఈ లెక్క మనకు కొత్త కాదు. ఓడ కాంటన్‌కు దిగువనున్న వాంపోవా రేవు దగ్గర లంగరు వేసి ఉంటే, వర్తకుడు అక్కణ్ణుంచి నదిమీద ఎగువకు పోయి కాంటన్ నగరం గోడల బయట, ఒడ్డున వరసగా కట్టిన వర్తక గృహాల్లో ఉండేవాడు. నగరంలోకి పోనివ్వరు. ఆడవాళ్లని తీసుకురానివ్వరు. విదేశీయులకు చైనా భాష నేర్పడం నేరం. వ్యాపారమంతా అనుమతి పొందిన హాంగ్ వర్తకులతోనే చెయ్యాలి, మాట దుబాసీల ద్వారానే నడవాలి. సీజన్ ముగిస్తే మూటాముల్లె సర్దుకుని పోర్చుగీసువాళ్ల చేతిలో ఉన్న మకావ్ పోవాలి. బోస్టన్‌కు ఉత్తరం రాస్తే జవాబు రావడానికి ఏడాది దాకా పట్టేది. టీ ధర పెరిగిందన్న కబురు బోస్టన్‌కు చేరేలోపు కాంటన్‌లో అది మళ్లీ మారిపోయేది. కాబట్టి ఏ నిర్ణయమైనా కాంటన్‌లో ఉన్న మనిషి ఒక్కడే తీసుకోవాలి. బోస్టన్ వర్తకులైన పెర్కిన్స్ కుటుంబం తరఫున జాన్ పెర్కిన్స్ కుషింగ్ 1803లో పదహారేళ్ల వయసులో అక్కడికి వెళ్లాడు. పై అధికారి చనిపోవడంతో కొద్దికాలానికే ఆ ఆఫీసు భారమంతా ఆ కుర్రాడి మీద పడింది. ఆ వయసులో అంత టెన్షన్ ఎలా మోశాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఖాతా పుస్తకాల్లో ఒంటరితనం కనిపించదు. దానికి డైరీలు చదవాలి. బోస్టన్ దగ్గరి సేలం ఊరి అమ్మాయి, హేరియట్ లో (Harriet Low) అనే ఆమె, 1829 నుంచి 1833 దాకా మకావ్‌లో ఉండి రాసుకున్న డైరీ తప్పక చదువు. 1830లో ఆమె పిన్నమ్మతో కలిసి కాంటన్‌లో అడుగుపెడితే, వీళ్లు వెళ్లిపోకపోతే వ్యాపారం ఆపేస్తామని అధికారులు హెచ్చరించారు. మగవాళ్ల కాగితాల్లో దొరకని మకావ్ ఆమె రాతలో దొరుకుతుంది.

చైనావాళ్లని వెనక గోడమీది బొమ్మల్లా వదిలెయ్యకు. ఈ తప్పు చాలామంది చేస్తారు. హౌక్వాగా పేరుపడ్డ హాంగ్ వర్తకుడు వూ బింగ్‌జియాన్ 1769లో పుట్టి 1843లో పోయాడు. అప్పటి ప్రపంచంలోని గొప్ప ధనవంతుల్లో ఒకడు. బోస్టన్ కుర్రాళ్లు ఆయన మాట మీద నమ్మకంతో బతికారు. బోస్టన్ వర్తకుడు జాన్ మర్రే ఫోర్బ్స్ చేతులమీదుగా ఆయన డబ్బు అమెరికాలోనూ పెట్టుబడిగా వెళ్లింది. అలాగే 1784 చివర్లో 'లేడీ హ్యూస్' గొడవ రాసేటప్పుడు జాగ్రత్త. ఆ బ్రిటిష్ ఓడ గౌరవ వందనంగా పేల్చిన ఫిరంగి తగిలి ఇద్దరు చైనీయులు చనిపోయారు. పేల్చినవాణ్ని అప్పగించాక చైనా అధికారులు గొంతు బిగించి చంపించారు. గొడవ మొదలైనప్పుడు షా అక్కడే ఉన్నాడు. ఆయన డైరీలో వినిపించేది విదేశీ వర్తకుల కోపం. చనిపోయిన ఇద్దరి వైపు నుంచి కూడా నువ్వు ఆలోచించి రాయాలి.

ఇక నల్లమందు. దీన్ని చివరి పేజీకో, అడుగున చిన్న అక్షరాలకో నెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. చైనా నిషేధించిన సరుకది. బీహార్ రైతుల చేత పండించి ఈస్టిండియా కంపెనీ కలకత్తాలో వేలం వేసేది. అమెరికన్లు టర్కీలోని స్మిర్నా నుంచి తెచ్చుకున్నారు. పెర్కిన్స్ కుటుంబం, రసెల్ అనే అమెరికన్ కంపెనీ దాంతో బాగా సంపాదించాయి. 1839లో చైనా చక్రవర్తి పంపిన అధికారి లిన్ జెషూ ఇరవై వేలకు పైగా పెట్టెలు పట్టుకుని నాశనం చేయించినప్పుడు, అమెరికన్ల చేతిలోవీ వాటిలో ఉన్నాయి. ఆ రోజుల్లో అందరూ చేశారని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఓలిఫంట్ అనే అమెరికన్ కంపెనీ ఆ సరుకు ముట్టలేదు. ఫిలడెల్ఫియా వర్తకుడు నేథన్ డన్ ముట్టలేదు. వాళ్లూ అదే నది ఒడ్డున వ్యాపారం చేసి బతికారు. పెర్కిన్స్ కుటుంబంలోని థామస్ పెర్కిన్స్ అంధుల బడికి తన ఇల్లు ఇచ్చిన సంగతీ రాయి. ఆ దానం నిజమే, ఆ డబ్బు ఎలా వచ్చిందన్నదీ నిజమే. రెండూ ఒకే పేజీలో ఉండాలి.

షా మాత్రం ఈ ముగింపు దాకా లేడు. 1786లో కాంగ్రెస్ ఆయన్ని కాంటన్‌లో కాన్సుల్‌గా నియమించింది, జీతం లేదు. 1792లో పెళ్లయింది. 1794 మేలో ఇంటికి తిరిగొస్తూ, నలభై నిండకుండానే ఓడలో చనిపోయాడు. తర్వాతివాళ్లు చేసినదాన్ని ఆయన నెత్తిన రుద్దకు. కానీ ఆయన తెరిచిన దారి ఎటు పోయిందో చెప్పకుండా పుస్తకం ముగించకు. నా సలహా అడిగితే, షా చావు దగ్గర ఆపకుండా కుషింగ్‌ను రెండో మనిషిగా పెట్టుకుని 1839 దాకా నడిపించు.

సేలం మ్యూజియం నీకు దగ్గరే, హార్వర్డ్ బేకర్ లైబ్రరీలో ఈ కంపెనీల ఉత్తరాలు, లెక్కలు చాలా ఉన్నాయి. ముందు లెక్కలు చూడు, తర్వాతే ఉత్తరాలు. ఉత్తరాల్లో మనుషులు తమ గురించి మంచిగానే చెప్పుకుంటారు. సరుకు అధ్యాయం పూర్తవగానే నాకు పంపు, తారీఖులు నేను సరిచూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న