అహ్మద్ బాడీ చుట్టూ డొమైన్ ఎంత పెద్దగా ఉండాలి?

అహ్మద్ బాడీ (కారు ఆకారాన్ని సరళం చేసిన పరీక్షా నమూనా) చుట్టూ గాలి ప్రవాహాన్ని ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కగట్టడానికి 2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు డొమైన్ (లెక్కలోకి తీసుకునే గాలి పెట్టె) పెట్టానని, డ్రాగ్ (గాలి నిరోధం) ఎక్కువ వస్తోందని, ఇంకా పెంచితే లాప్‌టాప్ మోయదేమోనని టెన్షన్‌గా ఉందని అడిగారు.

ముందుకెంత, వెనక్కెంత అన్నది తర్వాత. మొదట బ్లాకేజ్ చూడండి, అంటే డొమైన్ అడ్డుకోతలో బాడీ ఎంత శాతం ఆక్రమిస్తోందో. బాడీ వెడల్పు 389, ఎత్తు 288 మిల్లీమీటర్లు. అంటే గాలికి ఎదురుగా 0.112 చదరపు మీటర్లు. మీ డొమైన్‌కి 3 చదరపు మీటర్లే ఉంది కాబట్టి బ్లాకేజ్ 3.7 శాతం. గోడలు గాలిని పక్కకు జరగనివ్వవు. అది బాడీ పక్కనుంచి సుమారు 4 శాతం ఎక్కువ వేగంతో పోవాల్సి వస్తుంది. డైనమిక్ ప్రెజర్ (గాలి కదలిక వల్ల వచ్చే ఒత్తిడి) వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడ తేడా 8 శాతం దాకా పోతుంది. మీరు డ్రాగ్ కోఎఫిషియెంట్ లెక్కగట్టేది మాత్రం ఇన్‌లెట్ (గాలి లోపలికొచ్చే ముఖం) వేగంతోనే, అందుకే అది ఎక్కువ కనిపిస్తుంది. నేనైతే బ్లాకేజ్ 1 శాతం దాటనివ్వను. 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు తీసుకోండి, 0.75 శాతం వస్తుంది. సగం మోడలే రన్ చేస్తుంటే రెండు వైశాల్యాలూ సగమే తీసుకోవాలి, ఇక్కడ చాలామంది పొరబడతారు.

బాడీ పొడవు 1044 మిల్లీమీటర్లు. నేను ముందు 5 పొడవులు, వెనక 10 పొడవులు వదులుతాను. ఇన్‌లెట్ దగ్గర ప్రెజర్ కోఎఫిషియెంట్ దాదాపు సున్నా ఉందా, అవుట్‌లెట్ (గాలి బయటికెళ్లే ముఖం) నుంచి గాలి వెనక్కి వస్తోందా చూసుకోండి. నేల కదలకుండా, నో-స్లిప్‌గా (నేలను తాకే గాలి వేగం సున్నాగా) ఉంటే ముందు భాగాన్ని ఊరికే పెంచకండి. బౌండరీ లేయర్ (నేలకు ఆనుకుని నెమ్మదించిన గాలి పొర) మందమై, బాడీ కింద ఉన్న 50 మిల్లీమీటర్ల సందులోకి వెళ్లే గాలినే మార్చేస్తుంది.

లాప్‌టాప్ గురించి అంత భయం అక్కర్లేదు. సెల్స్‌లో (డొమైన్‌ని విడగొట్టిన చిన్న గడుల్లో) ఎక్కువ భాగం బాడీ చుట్టూ, వేక్‌లోనే (బాడీ వెనక చెదిరిన గాలిలోనే) ఉంటాయి. దూరంగా ఉండేవి పెద్ద సెల్స్, కాబట్టి డొమైన్ పెంచినా మొత్తం కొద్దిగానే పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: బ్లాక్‌మెష్‌లో (మొదటి గడుల వలని తయారుచేసే టూల్‌లో) సెల్ సైజు మార్చకుండా, గోడల్ని ఆ సైజుకి గుణిజాల్లోనే జరపండి. స్నాపీహెక్స్‌మెష్ టూల్ చేసే రిఫైన్‌మెంట్ (బాడీ దగ్గర సెల్స్‌ని చిన్నవి చేయడం) అంతా ఆ సైజు మీదే ఆధారపడుతుంది. అది మారితే డ్రాగ్ తగ్గింది డొమైన్ వల్లా, మెష్ వల్లా అన్నది తేలదు.

తర్వాత ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డుకోత) చేస్తానన్నారు. దానికి ఈ కొలతలు పనికిరావు. 2డిలో లిఫ్ట్ ప్రభావం దూరంతో చాలా నిదానంగా తగ్గుతుంది. లిఫ్ట్ కోఎఫిషియెంట్ 1 ఉంటే 10 కార్డ్‌ల (కార్డ్ అంటే రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు దాకా ఉన్న పొడవు) దూరంలో కూడా గాలి దాదాపు అర డిగ్రీ వంగి ఉంటుంది. అందుకే నాసా తన టర్బులెన్స్ మోడలింగ్ సైట్‌లో నాకా 0012 అనే ఎయిర్‌ఫాయిల్‌కి 500 కార్డ్‌ల దూరం పెట్టింది.